శేషాన్నము – ఉచ్ఛిష్టాన్నము

అన్నదానమును మించిన దానము లేదను మాట విననివారు తెలుగునాట ఉండరు. అయితే ఏ అన్నమును దానము చేయవలెను, ఎప్పుడు చేయవలెను, ఎట్లు చేయవలెను అను ప్రశ్నలు మాత్రము సాధారణముగా ఎవరికిని తోచవు. ఇంట వండిన అన్నమును గడపలో నిలిచిన ఆకలిగొన్నవానికి పెట్టునపుడు వీని అవసరమును అంతగా లేదు. వివాహములలోను, భోజనశాలలలోను, సరకుల అంగళ్లలోను రాశులుగా మిగిలిపోవు ఆహారమును గూర్చి ఆలోచించినపుడు ఈ ప్రశ్నలు తప్పక ఎదురగును. వీనికి సమాధానము తెలియకపోవుట వలననే ఎంతో అన్నము వ్యర్థమగుచున్నది.

కడప జిల్లాలో ప్రొద్దుటూరునకు ఉత్తరమున రాజుపాలెము కలదు. అది కుందూనదీ ప్రాంతపు నల్లరేగడి సీమ. శనగ, జొన్న, ప్రత్తి అచ్చటి పైరులు. ఈ మండలములోని వెల్లాలలో చెన్నకేశవస్వామిని, సంజీవరాయస్వామిని భక్తులు సేవించుచుందురు. ఇట్టి సీమలో ఒక పెండ్లినాటి రాత్రిని ఊహింపుడు. వేయిమందికి వంట చేయించినారు. ఎనిమిది వందల మంది వచ్చినారు. కడబంతి లేచినది. గుండిగలలో అన్నము, పప్పు, పులిహోర, గంపలో ఓళిగలు మిగిలియున్నవి. యజమాని వానిని చూచి నిలిచిపోవును. పారవేసినచో పాపమని ఒక మనస్సు చెప్పును. మిగిలినదానిని పేదలకు పెట్టుట ఎంగిలి పెట్టుట వంటిదేమో, వారిని అవమానించుట యగునేమో అని మరియొక మనస్సు చెప్పును. ఈ సందేహము తీరకమునుపే తెల్లవారును.

అప్పటికి అన్నము జిగురుకట్టి వాసన వేయును. కొందరు దానిని వంకలో పోయుదురు. కొందరు గోసేవ యని తలచి పశువుల ముందు కుమ్మరింతురు. నెమరువేయు పశువులు వండిన అన్నమును ఒక్కసారిగా అధికముగా తిన్నచో కడుపులో పులుపు పెరిగి ప్రాణాపాయము కలుగునని పశువైద్యులు హెచ్చరించుచున్నారు. ఇంతకంటె విచారకరమైనది మరియొకటి కలదు. రాత్రి పెట్టుటకు సందేహించిన అన్నమునే, చెడిన పిదప, ఉదయమున ఎవరినో పిలిచి పెట్టువారును ఉన్నారు. మొదట సందేహించినవాడు మంచివాడే. అతని సందేహమునకు సకాలములో సమాధానము దొరకకపోవుటయే ఇచ్చటి లోపము.

ఆ సమాధానము మన శాస్త్రములలోనే కలదు.

శేషమేది? ఉచ్ఛిష్టమేది?

మిగిలినదంతయు ఎంగిలి కాదు. పాత్రలో మిగిలినది వేరు, విస్తరిలో మిగిలినది వేరు. భగవద్గీత పదునేడవ అధ్యాయమున తామసాహారము వర్ణింపబడినది. అందలి పదములకు భగవద్రామానుజులు తమ భాష్యమున స్పష్టమైన అర్థములు చెప్పియున్నారు. యాతయామ మనగా చిరకాలము నిలువయున్నది. పర్యుషిత మనగా కాలము గడచుటచే రుచి మారిపోయినది. ఉచ్ఛిష్ట మనగా గురువులు మొదలగు పూజ్యులు కాక ఇతరులు భుజింపగా మిగిలినది. ఈ మూడింటిని జాగ్రత్తగా గమనింపవలెను. మొదటి రెండును కాలమును బట్టి కలిగిన దోషములు. మూడవది ఒకరు తినుట వలన కలిగినది. గుండిగలో శుచిగా మూతపెట్టి యుంచిన అన్నము, వండి ఎక్కువ కాలము గడువనిది, ఈ మూడింటిలో దేనిలోను చేరదు. అది శేషము మాత్రమే.

శేషమన్న పదము వైష్ణవులకు క్రొత్తది కాదు. భగవంతునికి నివేదింపగా మిగిలినది ప్రసాదము. యజ్ఞశేషమును భుజించువారు పాపవిముక్తులగుదురనియు, తమకొరకే వండుకొనువారు పాపమునే భుజింతురనియు గీతాచార్యుని బోధ. గృహస్థుడు వైశ్వదేవము చేసి, అతిథిని ఆదరించి, పిమ్మట మిగిలినదానిని తాను తినవలెనని ధర్మశాస్త్రములు విధించినవి. దీనిని బట్టి శేషము హీనమైనది కాదనియు, ఒక్కొక్కచోట పరమపవిత్రమైనదనియు తేలుచున్నది.

విశిష్టాద్వైత సంప్రదాయమున ఈ పదమునకు మరియొక లోతైన అర్థము కలదు. శేషి భగవంతుడు, జీవుడు శేషభూతుడు. తన ప్రయోజనమునకు గాక ఇతరుని అతిశయము కొరకే ఉండునది శేషమని పూర్వాచార్యుల నిర్ణయము. ఈ అర్థమును మన గుండిగకు అన్వయించి చూచినచో విషయము తేటపడును. మన అవసరము తీరిన పిదప నిలిచినది మనది కాదు, అది పరార్థము. దానిని ఇచ్చుటలో ఇచ్చువానికి గొప్పతన మేమియు లేదు. ఎవరికి చెందవలసినదో వారికి చేర్చుట మాత్రమే జరుగుచున్నది. ఇట్టి భావముతో పెట్టినచో తీసికొనువానికిని చిన్నతనము ఉండదు.

రంతిదేవుని దృష్టాంతము

మిగిలినదానిని ఎట్లు పెట్టవలెనో శ్రీమద్భాగవత నవమస్కంధములోని రంతిదేవుని చరిత్రము నేర్పుచున్నది. ఆ మహారాజు సర్వమును దానము చేసి, కుటుంబముతో నలుబదియెనిమిది దినములు నీరైనను లేక గడపెను. నలుబదితొమ్మిదవనాటి ఉదయమున నేయి, పాయసము, సంయావము, జలము లభించినవి. భుజింపబోవు సమయమున ఒక బ్రాహ్మణుడు వచ్చెను. అతనియందు శ్రీహరినే దర్శించి రాజు అన్నము పంచిపెట్టెను. మిగిలినది కుటుంబమునకు పంచుకొని తినబోవుచుండగా ఒక శూద్రుడు వచ్చెను. అతనికిని భాగము పెట్టెను. అతడు వెడలిన పిమ్మట కుక్కలతో కూడిన మరియొక అతిథి వచ్చి, తనకును తన కుక్కలకును ఆకలిగానున్నదని చెప్పెను.

ఇచ్చట వ్యాసమహర్షి చెప్పిన తీరును పాఠకులు గమనింపవలెను. రంతిదేవుడు అతనికి పెట్టినది మిగిలిన అన్నమే. దానిని అవశిష్టమనియే మహర్షి చెప్పినాడు, దాచలేదు. అయితే రాజు ఆ అవశిష్టమును ఆదరముతో, బహుమానపురస్సరముగా సమర్పించి, కుక్కలకును వాని యజమానికిని నమస్కరించెను. చివరకు త్రాగుటకు మిగిలిన నీటిని కూడ దప్పిగొనిన చండాలునకు ఇచ్చివేసెను.

మిగిలినదైనను గౌరవముతో పెట్టిన అన్నము భగవదారాధనమగునని ఈ కథవలన తెలియుచున్నది. గీతలోని దానవిభాగము దీనికి రెండవ ప్రక్కను చూపుచున్నది. తగని స్థలమున, తగని కాలమున, సత్కారము లేక, తిరస్కారముతో ఇచ్చినది తామసదానమని భగవానుడు చెప్పెను. ప్రత్యుపకారమును, ఫలమును ఆశించి ఇచ్చినది రాజసమనెను. పొట్లమును చేతిలో పెట్టుచు ఛాయాచిత్రము తీయించుకొని ఊరంతట చాటుకొనువారు ఈ రెండవ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. పెట్టబడిన పదార్థ మొక్కటియే కావచ్చును, పెట్టిన కాలమును విధమును దానిని సాత్త్వికముగనో తామసముగనో మార్చివేయును.

పాత్రత మాట యేమని కొందరడుగవచ్చును. విద్యాదానమునకు, భూదానమునకు పాత్రతను విచారింపవలసినదే. అన్నమునకు ఆకలియే పాత్రత యని పెద్దలందురు. రంతిదేవుడు వచ్చినవారిని గూర్చి విచారణ చేయలేదు.

లోకములో జరుగుచున్నది

ఈ వ్యర్థత ఎంతటిదో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో ప్రకటించిన నివేదిక తెలుపుచున్నది. 2022వ సంవత్సరములో ప్రపంచమంతట ఇండ్లలోను, భోజనశాలలలోను, అంగళ్లలోను కలిపి 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనదని అంచనా. ప్రజలకు అందుబాటులోనున్న ఆహారములో ఇది నూటికి 19 వంతులు. ఇందులో భోజనశాలల వంటి వాని వంతు నూటికి 28, అంగళ్ల వంతు 12. తక్కిన 60 వంతులును ఇండ్లవే. కావున ఇది హోటలువారి దోషమని గృహస్థులు తప్పుకొనుటకు వీలులేదు.

అంగళ్లలో మిగిలిన సరకును ఒకచోట చేర్చి పేదలకు పంచు పద్ధతి అమెరికాలోని ఫీనిక్సు నగరమున 1967లో ఒక క్రమమైన సంస్థగా రూపొందినది. ధనము దాచు బ్యాంకు వలె ఇది ఆహారము దాచు బ్యాంకు. ఫ్రాన్సు దేశము 2016లో ఒక చట్టము చేసి, 400 చదరపు మీటర్లు మించిన పెద్ద అంగళ్లు తినదగిన సరకును పాడుచేయరాదనియు, ధర్మసంస్థలకు ఇచ్చు ఏర్పాటు చేసికొనవలెననియు విధించినది. మన దేశమున 2014లో ఢిల్లీలో కొందరు యువకులు రాబిన్ హుడ్ ఆర్మీ యను పేర ఒక సేవాసమూహమును ఆరంభించిరి. భోజనశాలలలో మిగిలిన ఆహారమును సేకరించి ఆ రాత్రియే పేదలకు చేర్చుట వారి పని. వారు ధనమును విరాళముగా స్వీకరింపరు. ఈ సేవ హైదరాబాదు మొదలగు అనేక నగరములకు వ్యాపించినది. హైదరాబాదులోనే 2018లో మహానగరపాలక సంస్థ ప్రోత్సాహముతో వీధులలో శీతలపేటికలు నెలకొల్పబడినవి. ఉన్నవారు అందుంచిపోవుదురు, కావలసినవారు ఎవరిని యాచింపక తీసికొందురు. యాచన లేకుండుట ఇందలి విశేషము.

ఇట్లు పెట్టిన ఆహారము వలన ఎవరికైన అనారోగ్యము కలిగినచో తమపై నింద వచ్చునని భోజనశాలలవారు భయపడుట సహజము. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ మిగులు ఆహార సేకరణ పంపిణీలను గూర్చి 2019లో ప్రత్యేక నిబంధనలు ప్రకటించినది. అవి 2020 జులై 1 నుండి అమలులోనికి వచ్చినవి. పంచెడి సంస్థ నమోదై యుండవలెను. గడువుతేదీ దాటిన పదార్థమును పంచరాదు. ఎవరు ఇచ్చిరో, ఏమి ఇచ్చిరో వ్రాసి యుంచవలెను. వండిన పదార్థమైనచో దాని పేరు, ఎచ్చటినుండి వచ్చినది, ఎప్పుడు వండినది, శాకాహారమా మాంసాహారమా అను వివరములు తెలియజేయవలెను. ఇవి వట్టి కార్యాలయపు నియమములని తలపరాదు. తాను తినబోవునది ఏమిటో తెలిసికొను అధికారము పేదవానికిని కలదు. ఆచారము, నియమము ధనికుల సొత్తు కాదు.

కాలమే ప్రధానము

యాతయామమను పదములోనే కాలమున్నది. యామమనగా మూడు గంటలు. నేటి ఆహారశాస్త్రమును కాలమునకే పెద్దపీట వేయుచున్నది. వండిన పదార్థము 60 డిగ్రీల సెల్సియస్ కంటె వేడిగా గాని, 5 డిగ్రీల కంటె చల్లగా గాని ఉన్నంతవరకు సూక్ష్మజీవులు వేగముగా పెరుగజాలవు. ఈ రెండింటి నడుమ అవి మిక్కిలి త్వరగా వృద్ధియగును. మామూలు వేడిమిలో రెండు గంటలు మించి యుంచరాదనియు, ఎండ తీవ్రముగా నున్నపుడు ఒక గంటయే హద్దనియు శాస్త్రజ్ఞుల సాధారణ హెచ్చరిక. కడప సీమలో వేసవియందు ఎండ 40 డిగ్రీలు దాటుట అందరు ఎరిగినదే.

చెడిన అన్నమును మరల వేడిచేసిన సరిపోవునని పలువురు తలచుచుందురు. అది పొరపాటు. బియ్యమునందు బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి యొక్క బీజములు ఉండవచ్చును. అవి ఉడికించినను చావవు. అన్నము గోరువెచ్చగా నిలువయున్నపుడు అవి మొలకెత్తి పెరిగి విషమును పుట్టించును. ఆ విషము మరల కాచినను పోదు. అన్నము వాసన రాకపోయినను ఈ దోషము ఉండవచ్చును. పర్యుషితమును తామసమని మన పెద్దలేల నిషేధించిరో ఇప్పుడు సులభముగా బోధపడును. తన బిడ్డకు పెట్టుటకు జంకెడి అన్నమును పరుల బిడ్డకు పెట్టుట దానము కాదు, హింస.

సరకుల అంగళ్లకు ఈ తొందర కొంత తక్కువ. బియ్యము, పప్పు, పిండి, బిస్కత్తులు మున్నగువాని సంచి పైపొర నలిగినంత మాత్రమున లోపలిది చెడదు. గడువు దగ్గరపడిన సరకును చివరిదినము వరకు అమ్మకమునకు ఉంచి ఆ మరునాడు దానము చేయుట కంటె, వండుకొని తినుటకు తగినన్ని దినములుండగానే అనాథాశ్రమమునకో వసతిగృహమునకో పంపుట మేలు. మచ్చపడిన కూరగాయను ఆనాడే ఇచ్చినచో కూరయగును. రెండు దినములు ఆగినచో పెంటకుప్పకు ఎరువగును.

ఈ సీమ సంప్రదాయము

నిలువయున్న ధాన్యము పరార్థమే యను బుద్ధి ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. రాజుపాలెమునకు పొరుగు సీమయైన ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరవున తన ధాన్యమును వెచ్చించి, వచ్చినవారి కెల్ల అన్నము పెట్టించెను. విక్టోరియా రాణి ప్రభుత్వము ఆయనను పతకముతో గౌరవించినది. జనులు ఆయన పేరును నేటికిని దాతలలో మొదట తలచుకొందురు. ఆయన వలెనే ధాన్యపు గాదెలు గలవారు ఆనాడు మరికొందరును ఉండియుందురు. గాదెలోని ధాన్యము తన కుటుంబమునకు మించినదని గుర్తించి, సకాలమున దానిని పొయ్యిమీదికి ఎక్కించుట ఆయన విశేషము. ఆ తరువాత 1876లో వచ్చిన ధాత కరవు ఈ జిల్లాలను ఎంతగా పీడించెనో చరిత్ర చెప్పుచున్నది. అన్నపు మెతుకు నేలబడినను ఏరి కన్నులకద్దుకొను అలవాటు ఈ సీమ వృద్ధులలో కనబడుట ఆశ్చర్యము కాదు.

అన్నము పెట్టు విధానమునకు తిరుమల క్షేత్రము ఆదర్శము. అచ్చట 1985లో ఆరంభమైన నిత్యాన్నదానము నేడు తరిగొండ వెంగమాంబ పేరుగల భవనమున సాగుచున్నది. ధనికుడును పేదయు ఒకే పంక్తిలో కూర్చుందురు. వేడియన్నము వడ్డింపబడును. నీవెవరవని అడుగువారుండరు. మిగులు అన్నమును పంచువారును ఈ పద్ధతిని వీలైనంతవరకు అనుసరింపవలెను. బండిమీదినుండి పొట్లములు విసరుట అన్నదానము కాదు. కూర్చుండజేసి, ఆకు వేసి, నీరుంచి వడ్డించినచో అది తదీయారాధనమునకు సమీపించును.

గృహస్థులు పాటింపదగినవి

మొదటిది, మితముగా వండించుట. దానము చేయవచ్చును గదా యని అధికముగా వండించుట ధర్మము కాదు. మిగులును తగ్గించుటయే ఉత్తమము, మిగిలినదానిని చేర్చుట మధ్యమము, పారవేయుట అధమము.

రెండవది, ముందుగా నిర్ణయించుట. పెండ్లికి పురోహితుని, వంటవానిని ముందుగా కుదుర్చుకొన్నట్లే మిగిలిన అన్నము ఎచ్చటికి పోవలెనో, ఎవరు కొనిపోవుదురో ముందుగానే మాటాడి యుంచవలెను. ప్రొద్దుటూరు వంటి పట్టణములలో ఆసుపత్రి ముంగిట రోగుల బంధువులు, బస్సు నిలయమున దూరపు కూలీలు రాత్రివేళ అన్నము దొరకక ఉండుట సామాన్యము.

మూడవది, మొదటనే వేరుచేయుట. బంతి మొదలగుటకు ముందే ఒక గుండిగను మూతవేసి ప్రక్కకు పెట్టినచో అది అగ్రభాగమగును. అతిథులు స్వయముగా వడ్డించుకొను బల్లలపై చేతులు తగిలినదానిని, విస్తరుల ప్రక్కనున్నదానిని దానమున కలుపరాదు.

నాల్గవది, పదార్థమును ఎరిగి పంపుట. చింతపండు పులుపు గల పులిహోర కొంత నిలుచును. ఓళిగలు, పొడి పిండివంటలు అంతకంటె నిలుచును. పెరుగన్నము, కొబ్బరి పచ్చడి, పాలతో చేసిన పాయసము త్వరగా చెడును. వీనిని వెంటనే పంపవలెను, లేదా పంపనేకూడదు.

అయిదవది, నిజము చెప్పుట. ఇది పెండ్లిలో మిగిలినది, ఫలానా వేళ వండినది అని చెప్పి పెట్టవలెను. వ్యాసుడు దాచని అవశిష్టమను మాటను మనము దాచనేల? అడిగి తెలిసికొని వలదనువానిపై కోపింపరాదు.

ఈ అయిదును పాటించినచో మొదట చెప్పిన పెండ్లియింటి రాత్రి మరియొక విధముగా గడచును. కడబంతి లేచుచుండగనే ముందు మాటాడిన బండి వాకిట నిలుచును. మూతలు తీయని గుండిగలు పొగలు క్రక్కుచు బండి నెక్కును. అర్ధరాత్రికి ముందే ఆసుపత్రి అరుగుమీద ఆకులు పరచబడును. ప్రొద్దుటినుండి రోగి ప్రక్కన కూర్చుండి అలసిన తల్లి వేడియన్నము కలుపుకొనును. ఆమెకు పెండ్లివారి పేరు తెలియదు. పెండ్లివారికి ఆమె పేరు తెలియదు. వధూవరులకు ఆ రాత్రి లభించిన ఆశీర్వాదములలో ఆమె ఆకలి తీరుట వలన కలిగినది మిక్కిలి గొప్పది.

పాత్రలో నిలిచినది పరులది, పరులయందున్నవాడు పరంధాముడు. సకాలమున, సగౌరవముగా ఆయన సొత్తును ఆయనకు చేర్చుటయే మనవంతు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.